జబ్బు బయటపడేలోగా గడువు ముగిసింది: రేడియం డయల్ కార్మికుల కేసులు

అందరికీ నమస్కారం.

వందేళ్ళ కిందట అమెరికాలో గడియారం డయళ్ళ మీద అంకెలు దిద్దిన ఆడపిల్లల గురించి ఈ సాయంత్రం మాట్లాడబోతున్నాను. వాళ్ళ కథ మీలో చాలామంది వినే ఉంటారు. చీకట్లో వెలిగే రంగు, కుంచెను పెదవులతో మొన తీర్చుకోవడం, దవడ ఎముకలు కుళ్ళిపోవడం. ఎక్కడ చెప్పినా దాన్ని విషాదగాథగా చెప్పి కన్నీళ్ళతో ముగిస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. విషాదం అన్న మరుక్షణం అది విధి ఖాతాలోకి వెళ్ళిపోతుంది. పాపం, ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు కదా అనిపిస్తుంది. కానీ ఎవరికి ఏమి తెలుసు, ఎప్పుడు తెలుసు, తెలిసిన తరువాత ఏమి చేశారు అన్నది కాగితాల మీద తేదీలతో సహా ఉంది. ఇక్కడ న్యాయశాస్త్రం చదువుతున్న పిల్లలు చాలామంది కూర్చున్నారు కాబట్టి ఆ తేదీల వెంటే నడుస్తాను.

మొదటి తేదీ 1927 మే 18. ఆ రోజు న్యూజెర్సీలో గ్రేస్ ఫ్రైయర్ అనే మహిళ యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్ మీద దావా వేశారు. ఆరెంజ్ పట్టణంలో ఉన్న ఆ కంపెనీ కర్మాగారంలో ఆమె 1917లో చేరారు. 1920లో మానేసి ఒక బ్యాంకులో ఉద్యోగానికి వెళ్ళారు. ఆ తరువాత కొంతకాలానికి పళ్ళు ఊడటం మొదలైంది. దవడ చెడింది. వెన్నెముక కుంగిపోయి, ఉక్కు పట్టీ కట్టుకుంటే తప్ప నిలబడలేని స్థితి వచ్చింది. తన కేసు తీసుకునే న్యాయవాది కోసం రెండేళ్ళు తిరిగారు. చివరికి రేమండ్ బెర్రీ అనే యువ న్యాయవాది ఒప్పుకున్నారు. ఆ దావాకు ఎదురుగా కంపెనీ పట్టుకున్న అతి గట్టి ఆయుధం రేడియం గురించినది కాదు, వైద్యం గురించినది అసలే కాదు. న్యూజెర్సీ చట్టం ప్రకారం శరీరానికి జరిగిన హాని మీద రెండేళ్ళలోపు దావా వేయాలి. మీరు పని మానేసి ఏడేళ్ళయింది. ఆలస్యమైంది, కాబట్టి మీ మాట వినవలసిన పని లేదు. అంతే.

ఆ రెండేళ్ళ గడువు గురించే నా మాటంతా. గడువు అనేది చూడటానికి ఎవరి పక్షమూ వహించని నియమంలా కనిపిస్తుంది. కానీ హాని చేసినవాడి దగ్గరే హాని గురించిన సమాచారం కూడా ఉన్నప్పుడు, దాన్ని రెండేళ్ళు దాచిపెట్టగలిగితే చాలు, బాధ్యత నుంచి బయటపడవచ్చు. ఈ కంపెనీలు చేసింది అదే.

ముందు పని ఎలా జరిగేదో చెప్పాలి. ఆ రంగులో రేడియం అనే రేడియోధార్మిక లోహం, జింక్ సల్ఫైడ్, జిగురు, నీళ్ళు ఉంటాయి. రేడియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలు జింక్ సల్ఫైడ్‌ను తాకినప్పుడు అది వెలుగుతుంది. బయటి నుంచి వెలుతురు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలలో ఉన్న సైనికుడికి, విమానం నడిపేవాడికి రాత్రిపూట చేతి గడియారం, కొలత పరికరం కనిపించాలి కాబట్టి ఈ రంగుకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. కంపెనీ దీనికి పెట్టిన పేరు అన్‌డార్క్. సన్నని అంకెలు దిద్దాలి కాబట్టి చేతులు చిన్నగా, నిలకడగా ఉన్నవాళ్ళు కావాలి. పదిహేను, పదహారేళ్ళ అమ్మాయిలు కూడా చేరారు. కూలి డయల్ లెక్కన. ఒక్కో డయల్‌కు దాదాపు ఒకటిన్నర సెంటు. చురుకైనవాళ్ళు రోజుకు 250 డయళ్ళ దాకా వేసేవాళ్ళు. నాలుగు గీతలు గీసేసరికి కుంచె వెంట్రుకలు విడిపోతాయి. దాన్ని పెదవుల మధ్య పెట్టి మొన చేసుకోమని పనిలో చేరిన రోజునే నేర్పేవారు. ఒక్కో డయల్‌కు ఆరుసార్లు అలా చేసి ఉంటానని గ్రేస్ ఫ్రైయర్ తరువాత చెప్పారు.

ఇది ఆ అమ్మాయిల అలవాటు అని తరువాత కొందరు రాశారు. అలవాటు కాదు, అది నేర్పిన పద్ధతి. కూలి డయల్ లెక్కన ఉన్నప్పుడు వేగం తగ్గించే పద్ధతి ఏదైనా వాళ్ళ జేబులో నుంచే పోతుంది. పైగా వేరే దారి లేదని కూడా అనలేము. అదే రోజుల్లో స్విట్జర్లాండ్‌లో గాజు పుల్లలతో, ఫ్రాన్స్‌లో దూది చుట్టిన పుల్లలతో ఇదే పని చేసేవారు. అక్కడ ఎవరూ కుంచెను నోట్లో పెట్టుకోలేదు.

ఇక తెలియని రోజులు అనే మాట. 1901 నాటికే శాస్త్రవేత్త ఆంరీ బెకెరెల్ జేబులో పెట్టుకున్న రేడియం గొట్టం ఆయన చర్మాన్ని కాల్చింది. అదే ఏడాది పియర్ క్యూరీ కావాలని తన చేతి మీద రేడియం ఉంచుకుని పుండు పడటం చూశారు. ఈ కంపెనీ స్థాపకుల్లో ఒకరు, ఆ రంగును తయారుచేసిన సబిన్ వాన్ సొచోకీ తన వేలిలోకి రేడియం చేరిందని ఆ వేలి కొనను తానే కోసుకున్నారు. అదే కర్మాగారం ప్రయోగశాలలో రసాయనికులు సీసపు తెరల వెనుక నిలబడి, పట్టకార్లతో రేడియం పట్టుకునేవారు. ఒకే కంపెనీ, ఒకే పదార్థం. చదువుకున్న మగవాళ్ళకు సీసపు తెర, డయల్ గదిలో అమ్మాయిలకు ఏమీ లేదు. వాళ్ళ గదికి చేరే రంగులో రేడియం చాలా తక్కువ మోతాదులో ఉంటుందన్నది కంపెనీ సమర్థన. మోతాదు తక్కువే, నిజం. కానీ దాన్ని మింగుతున్నారు.

ఒకసారి వాన్ సొచోకీ డయల్ గదిలో నడుస్తూ గ్రేస్ ఫ్రైయర్ కుంచె నోట్లో పెట్టుకోవడం చూసి, అలా చేయకు, జబ్బు చేస్తుంది అన్నారని ఆమె కోర్టులో సాక్ష్యం ఇచ్చారు. ఆ మాట పై అధికారిణిని అడిగితే, ఏమీ కాదులే అన్న జవాబు వచ్చింది. బాధ్యత గురించి ఆలోచించేవారికి ఈ ఒక్క సాక్ష్యం చాలు. ప్రమాదం తెలిసిన మనిషి ఉన్నాడు, చెప్పాడు, కానీ పద్ధతి మారలేదు.

శరీరంలో జరిగేది క్లుప్తంగా చెబుతాను. రసాయనికంగా రేడియం కాల్షియానికి దగ్గర బంధువు. శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ఆల్ఫా కణం చర్మాన్ని కూడా దాటలేనంత తక్కువ దూరం పోతుంది, అందుకే బయట ఉన్నంతసేపు పెద్ద ప్రమాదం అనిపించదు. ఎముకలో చేరిందంటే మాత్రం ఆ తక్కువ దూరంలోనే ఎముక కణాలు, మూలుగ ఉంటాయి. రేడియం సగం తరగడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. అంటే పని మానేసినా, ఊరు మారినా, పెళ్ళి చేసుకున్నా హాని ఆగదు. ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి, బెర్రీ వాదన దీని మీదే నిలబడింది.

మోలీ మాజియా అనే అమ్మాయికి 1921లో పంటినొప్పి మొదలైంది. పన్ను తీస్తే ఆ గుంట మానలేదు. పక్క పన్ను తీశారు, అదీ మానలేదు. 1922లో ఆమెను చూసిన దంతవైద్యుడు జోసెఫ్ నెఫ్ దవడ ఎముకను మెల్లగా తాకితే అది ఆయన చేతిలోకే విరిగి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 12న ఆమె చనిపోయారు. వయసు 24. మరణ ధ్రువపత్రంలో కారణం సిఫిలిస్ అనే సుఖవ్యాధి అని రాశారు. పెళ్ళికాని యువతి పేరు పక్కన ఆ మాట పడింది. తరువాతి సంవత్సరాల్లో ఆ కాగితం కంపెనీకి ఎంతగానో అక్కరకొచ్చింది.

ఇప్పుడు 1924కు వద్దాం. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన సంవత్సరం ఇదే. ఊళ్ళో దంతవైద్యులు మాట్లాడుకుంటున్నారు, పుకార్లు పుడుతున్నాయి, పనికి అమ్మాయిలు దొరకడం కష్టమవుతోంది. అప్పుడు కంపెనీ అధ్యక్షుడు ఆర్థర్ రోడర్ హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సెసిల్ డ్రింకర్‌ను పరీక్షలు చేయమని పిలిచారు. సెసిల్, ఆయన భార్య కేథరిన్ డ్రింకర్, సహచరుడు విలియం కాజిల్ కర్మాగారానికి వచ్చి చూశారు. పనివాళ్ళను చీకటి గదిలోకి తీసుకువెళ్ళి చూస్తే జుట్టు, ముఖం, చేతులు, మెడ, బట్టలు, లోదుస్తులతో సహా వెలుగుతున్నాయి. రక్తపరీక్షల్లో పూర్తిగా సాధారణంగా ఉన్న రక్తం ఒక్కటీ కనిపించలేదు. జబ్బులకు కారణం రేడియమేనని నివేదికలో రాసి, 1924 జూన్‌లో రోడర్‌కు పంపారు. జాగ్రత్తలు కూడా సూచించారు.

మంచి కంపెనీ అయితే ఆ రోజే కుంచెలు పక్కన పెట్టించేది. రోడర్ ఆ నివేదికను సొరుగులో పెట్టారు. అంతటితో ఆగినా కొంత నయమే. న్యూజెర్సీ కార్మిక శాఖకు కంపెనీ ఒక సారాంశం పంపింది. అందులో పనివాళ్ళ రక్తపరీక్షల పట్టికను పెట్టి, ప్రతి అమ్మాయీ పరిపూర్ణ ఆరోగ్యంతో ఉందని హార్వర్డ్ నిపుణులే తేల్చినట్టు చూపారు. కార్మిక శాఖ నమ్మింది. 

ఈ అబద్ధాన్ని బయటికి లాగినవాళ్ళు ఇద్దరు స్త్రీలు. న్యూజెర్సీ వినియోగదారుల సంఘంలో పనిచేసే కేథరిన్ వైలీ, హార్వర్డ్‌లో పారిశ్రామిక వైద్యం బోధించే ఆలిస్ హామిల్టన్. కార్మిక శాఖ చేతిలో ఉన్న సారాంశం సంగతి వైలీకి తెలిసింది, వైలీ ద్వారా హామిల్టన్‌కు తెలిసింది. 1925 ఏప్రిల్‌లో హామిల్టన్ కేథరిన్ డ్రింకర్‌కు ఉత్తరం రాశారు: మీ పేరు మీద కంపెనీ ఏమి చెబుతోందో చూసుకోండని. డ్రింకర్ దంపతులు మండిపడ్డారు. అసలు నివేదికను ప్రచురిస్తే దావా వేస్తామని కంపెనీ బెదిరించింది. అయినా 1925 ఆగస్టులో అది వైద్య పత్రికలో అచ్చయింది.

ఆ నివేదిక ఏడాదికి పైగా మరుగున ఉంది. రెండేళ్ళ గడువు ఉన్న చోట ఏడాది అంటే సగం గడువు.

ఆ తరువాత సాక్ష్యాలు వేగంగా పోగుపడ్డాయి. థియొడోర్ బ్లమ్ అనే న్యూయార్క్ దంతవైద్యుడు 1924లోనే తన వ్యాసం అడుగున ఒక చిన్న గమనికలో రేడియం దవడ అనే పేరు వాడారు. ప్రుడెన్షియల్ బీమా సంస్థ గణాంక నిపుణుడు ఫ్రెడరిక్ హాఫ్‌మన్ 1925లో వ్యాసం ప్రచురించారు. అదే ఏడాది కౌంటీ వైద్యాధికారి హారిసన్ మార్ట్‌లాండ్ బతికున్న మనుషుల ఊపిరిలో, చనిపోయినవారి ఎముకల్లో రేడియోధార్మికతను కొలిచి చూపారు. బతికుండగానే శరీరంలో రేడియం ఉందని పరికరంతో నిరూపించడం అప్పటికి కొత్త. అనుమానం సాక్ష్యంగా మారింది ఆయన వల్లనే.

కంపెనీ తన వైపు నుంచి ఫ్రెడరిక్ ఫ్లిన్ అనే కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తను నియమించుకుంది. ఆయన అమ్మాయిలను పరీక్షించి, మీ ఆరోగ్యం బాగుంది, నా ఆరోగ్యం కన్నా బాగుంది అనే ధోరణిలో ధైర్యం చెప్పేవారు. ఆయన వైద్యుడు కాదు. వైద్యం చేసే లైసెన్సు ఆయనకు లేదని తరువాత బయటపడింది. డాక్టరు అన్న మాట విని నమ్మిన ఆ అమ్మాయిలు మరికొంత కాలం ఊరుకున్నారు. ఆ కాలమంతా గడువులో నుంచే కరిగిపోయింది.

చట్టం సంగతికి వద్దాం. న్యూజెర్సీలో కార్మిక నష్టపరిహార చట్టం ఉంది, కానీ అందులో పరిహారానికి అర్హమైన వృత్తి వ్యాధుల జాబితా చాలా చిన్నది, రేడియం వల్ల వచ్చే జబ్బు అందులో లేదు. వైలీ పోరాటంతో 1926లో రేడియం వల్ల ఎముక కుళ్ళడాన్ని చేర్చారు. అది పాత కేసులకు వర్తించదు. అందుకే గ్రేస్ ఫ్రైయర్ సాధారణ కోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. ఆమెతో పాటు మరో నలుగురు చేరారు: కేథరిన్ షాబ్, ఎడ్నా హుస్మన్, క్వింటా మెక్‌డొనాల్డ్, అల్బినా లారీస్. చివరి ఇద్దరూ మోలీ మాజియా తోబుట్టువులు. ఒక్కొక్కరు 2,50,000 డాలర్లు అడిగారు.

బెర్రీ వాదన నాకు ఎప్పుడు చదివినా గౌరవం కలిగిస్తుంది. ఆయన రెండు దారుల్లో వెళ్ళారు. మొదటిది, హాని పని మానేసిన రోజున ముగియలేదు. ఎముకలో ఉన్న రేడియం ఈ రోజూ కణాలను చంపుతోంది, రేపూ చంపుతుంది. కాబట్టి హాని ప్రతిరోజూ కొత్తగా జరుగుతున్నట్టే లెక్క, గడువు ముగిసే ప్రశ్నే లేదు. రెండోది, జబ్బుకు కారణం తెలిసేదాకా ఎవరూ దావా వేయలేరు. ఆ కారణాన్ని దాచినది ప్రతివాదే. తాను దాచడం వల్ల జరిగిన ఆలస్యాన్ని తనకే కవచంగా వాడుకునే హక్కు ప్రతివాదికి ఉండకూడదు. ఈ రెండో వాదన ధర్మానికి సంబంధించినది కాబట్టి, చట్టంలోని అక్షరం కన్నా న్యాయబుద్ధిని చూసే ఛాన్సరీ కోర్టుకు తీసుకువెళ్ళారు.

ఈ లోపు 1927 అక్టోబరులో మోలీ మాజియా సమాధిని తవ్వి శవపేటికను తీశారు. సిఫిలిస్ జాడ ఎక్కడా లేదు. ఐదేళ్ళు మట్టిలో ఉన్న ఆ ఎముకలు ఇంకా రేడియోధార్మికతతో ఉన్నాయి. ఒక మనిషి మీద పడిన మచ్చ తొలగడానికి ఆమె ఎముకలే సాక్ష్యం చెప్పాయి.

1928 జనవరిలో ఛాన్సరీ కోర్టు న్యాయమూర్తి (ఆ పదవిని వైస్ ఛాన్సలర్ అంటారు) జాన్ బాకెస్ ముందు విచారణ మొదలైంది. అప్పటికి గ్రేస్ నడవడం కష్టంగా ఉంది, క్వింటాకు రెండు తుంటి ఎముకలూ దెబ్బతిన్నాయి. ప్రమాణం చేయడానికి చెయ్యి కూడా ఎత్తలేని స్థితిలో వాళ్ళలో కొందరు ఉన్నారు. ఏప్రిల్‌లో కేసును సెప్టెంబరుకు వాయిదా వేశారు. కారణం చెబితే మీరు నమ్మరు. కంపెనీ సాక్షులు వేసవి సెలవులకు ఐరోపా వెళుతున్నారట. చావుకు దగ్గరగా ఉన్న ఐదుగురు ఆగాలి, విహారయాత్ర మాత్రం ఆగకూడదు. న్యూయార్క్ వరల్డ్ పత్రికలో సంపాదకుడు వాల్టర్ లిప్‌మన్ ఈ వాయిదాను చీల్చి చెండాడారు. పత్రికలన్నీ అందుకున్నాయి. ఒత్తిడి పెరిగింది, విచారణను సెప్టెంబరు కన్నా ముందే జరపాలని నిర్ణయించారు.

అప్పుడు రాజీ వచ్చింది. జూన్ 4న, ఫెడరల్ న్యాయమూర్తి విలియం క్లార్క్ మధ్యవర్తిత్వంతో ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, బతికినంత కాలం ఏడాదికి 600 డాలర్లు, వైద్య ఖర్చులు. ఆ ఐదుగురు ఒప్పుకున్నందుకు వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఎవరికీ లేదు. వాళ్ళకు తీర్పు కన్నా ముందు మందులు కావాలి. కానీ న్యాయవిద్యార్థులుగా మీరు గమనించవలసినది ఒకటుంది. రాజీ వల్ల తీర్పు రాలేదు. తీర్పు లేదు కాబట్టి గడువు ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్నకు జవాబు రాలేదు. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు. తరువాత వచ్చినవాళ్ళు మళ్ళీ మొదటి మెట్టు నుంచే ఎక్కవలసి వచ్చింది. క్వింటా 1929లో, కేథరిన్ షాబ్, గ్రేస్ ఇద్దరూ 1933లో మరణించారు. వాన్ సొచోకీ కూడా 1928 నవంబరులో, తాను తయారుచేసిన పదార్థం వల్లనే రక్తం చెడి చనిపోయారు.

జవాబు రానందువల్ల ఏమైందో ఐరీన్ లా పోర్ట్ కేసులో చూడవచ్చు. ఆమె కూడా అదే కర్మాగారంలో పనిచేశారు, 1931లో చనిపోయారు. భర్త దావా వేశారు. 1935లో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి ఫోర్‌మన్ గడువు ముగిసిందని దాన్ని కొట్టివేశారు. కంపెనీ ప్రవర్తనను నేటి పరిజ్ఞానంతో కాక, ఆమె పనిచేసిన నాటి పరిజ్ఞానంతోనే తూచాలన్నారు. సానుభూతి ఉంది గానీ చట్టం అనుమతించదన్నది ఆ తీర్పు ధోరణి. నేను ఆ తీర్పుతో ఏకీభవించను. నాటి పరిజ్ఞానం అంటే ఎవరి పరిజ్ఞానం? ప్రయోగశాలలో సీసపు తెర వెనుక నిలబడినవారిదా, డయల్ గదిలో కూర్చున్నవారిదా?

ఇల్లినాయ్‌లోని ఒట్టావా పట్టణానికి వెళదాం. అక్కడ రేడియం డయల్ అనే మరో కంపెనీ 1922 నుంచి ఇదే పని చేయిస్తోంది. 1928లో న్యూజెర్సీ వార్తలు చదివి పనివాళ్ళు భయపడితే, కంపెనీ ఊరి పత్రికలో ప్రకటన వేయించింది. న్యూజెర్సీలో హాని చేసింది మెసోథోరియం అనే వేరే పదార్థమట, తమది స్వచ్ఛమైన రేడియమట, తమ పనివాళ్ళను పరీక్షిస్తే అలాంటి లక్షణమేదీ కనిపించలేదట. పరీక్షలు నిజంగానే చేశారు. ఫలితాలు మాత్రం ఆ అమ్మాయిలకు చెప్పలేదు. అడిగితే, ఆ ఫలితాలు మీకు చూపిస్తే ఇక్కడ అల్లరే లేస్తుంది అనే అర్థంలో పై అధికారి జవాబిచ్చారని తరువాత సాక్ష్యం వచ్చింది. 1929లో పెగ్ లూనీ అనే కార్మికురాలు చనిపోతే డిఫ్తీరియా అని రాశారు. దాదాపు యాభై ఏళ్ళ తరువాత అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆర్గోన్ ప్రయోగశాలవారు ఆమె అస్థికలను తీసి కొలిస్తే, వాటి నిండా రేడియం.

కేథరిన్ డోనహ్యూ ఆ కంపెనీలో పనిచేసినవారే. కుంటుతూ నడుస్తుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని 1931లో ఆమెను పనిలో నుంచి తీసేశారు. ఒట్టావాలో ఎవరూ కేసు ముట్టుకోలేదు. కంపెనీ ఊరికి కూడు పెడుతోంది, ఆర్థిక మాంద్యం రోజులు. ఆ ఆడవాళ్ళను ఇరుగుపొరుగు కూడా దూరం పెట్టారు. మొదట ఆమె సహోద్యోగి పేరిట వెళ్ళిన కేసును 1935లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. వృత్తి వ్యాధుల చట్టంలోని భాష అస్పష్టంగా ఉంది కాబట్టి అది చెల్లదన్నది. చట్టసభ సరిగ్గా రాయలేదు, దానికి శిక్ష రోగికి పడింది. దీని మీద అలజడి రేగి 1936లో కొత్త చట్టం వచ్చింది.

ఆ చట్టం కింద 1938 ఫిబ్రవరిలో పారిశ్రామిక కమిషన్ ముందు విచారణ జరిగింది. న్యాయవాది లియొనార్డ్ గ్రాస్‌మన్. వైద్యుడు సాక్ష్యం చెబుతుండగా ఆమె జబ్బు నయమయ్యేది కాదని బయటపడింది. ఆ మాట ఆమె అక్కడే విన్నారు, కుప్పకూలిపోయారు. మర్నాడు విచారణ ఆమె ఇంట్లో జరిగింది. ఆమె సోఫాలో పడుకుని ఉన్నారు, చుట్టూ న్యాయవాదులు, స్నేహితురాళ్ళు. కుంచెను పెదవులతో ఎలా మొన చేసేవారో చేత్తో చూపించారు. కంపెనీ వాదన ఏమిటంటే, ఆ చట్టం విషపదార్థాలకే వర్తిస్తుంది, రేడియం విషం కాదు. విచారించిన జార్జ్ మార్వెల్ ఏప్రిల్‌లో ఆమె పక్షాన నిర్ణయం ఇచ్చారు, మొత్తం 5,661 డాలర్లు. కంపెనీ అప్పీలు మీద అప్పీలు వేసింది. ఆమె జూలై 27న మరణించారు. 1939 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీ మాట వినడానికి నిరాకరించడంతో ఆ నిర్ణయం ఖాయమైంది. అప్పటికే కంపెనీ ఇల్లినాయ్ వదిలిపోయింది. కమిషన్ దగ్గర పూచీగా ఉన్న 10,000 డాలర్లు తప్ప బాధితులకు పంచడానికి ఇంకేమీ దొరకలేదు. ఇక ఆ కంపెనీ మాజీ అధ్యక్షుడు జోసెఫ్ కెల్లీ అదే ఊళ్ళో లూమినస్ ప్రాసెసెస్ అనే పేరుతో కొత్త డయల్ కర్మాగారం తెరిచారు. అది 1978 దాకా నడిచింది.

న్యూజెర్సీలో బెర్రీ అడిగిన ప్రశ్నకు దేశపు అత్యున్నత న్యాయస్థానం నుంచి గట్టి జవాబు 1949లో వచ్చింది. అది రేడియం కేసు కాదు. యూరీ అనే రైల్వే కార్మికుడు దాదాపు ముప్పై ఏళ్ళు ఆవిరి ఇంజన్ల మీద పనిచేసి, ఇసుక ధూళి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నారు. గడువు ధూళి పీల్చిన రోజు నుంచి మొదలవుతుందని రైల్వే వాదించింది. అలాగైతే జబ్బు గురించి ఏ తప్పూ లేకుండా తెలియని మనిషికి హక్కు పుట్టకముందే చచ్చిపోతుందని కోర్టు ఒప్పుకోలేదు. జబ్బు బయటపడిన నాటి నుంచే లెక్క అంది. ఆ తీర్పు వచ్చేనాటికి న్యూజెర్సీ ఐదుగురిలో చివరివారైన అల్బినా లారీస్ కన్నుమూసి మూడేళ్ళు.

మన దేశం మాట కూడా ఒక్క నిమిషం. మన కార్మిక నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది, అంటే ఆరెంజ్ కర్మాగారం నడుస్తున్న రోజుల్లోనే. 2025లో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చేదాకా, దాని మూడో షెడ్యూలులో వృత్తి వ్యాధుల జాబితా ఉండేది. అయనీకరణ వికిరణం (రేడియం లాంటివాటి నుంచి వెలువడే కిరణాలు) వల్ల వచ్చే జబ్బులు, సిలికోసిస్ అందులో ఉండేవి. కొన్ని జబ్బులకు, పని మానేసిన తరువాత బయటపడినా, ఆ పని వల్లనే వచ్చిందని రుజువైతే పరిహారం దక్కే వీలు కూడా ఆ చట్టం కల్పించింది. మీరు రేపు ఒక క్వారీ కార్మికుడి కేసో, రాళ్ళు కొట్టే యంత్రం దగ్గర పనిచేసినవారి కేసో పట్టుకుంటే, మీకు ఎదురయ్యేవి చాలావరకు బెర్రీకి ఎదురైనవే: ఎక్కడ, ఎప్పుడు, ఎన్నాళ్ళు పనిచేశారో చూపే కాగితం లేకపోవడం, వేరే జబ్బు పేరు రాసిన వైద్యపత్రం, యజమాని చేయించి బయటపెట్టని పరీక్షలు. ఆ పరీక్షల ఫలితాలను ముందు అడగండి. దావా వేయడానికి ముందే, రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న సంగతే మీ వాదనలో భాగమవుతుంది.

ఇంకొక్క విషయం చెప్పి ఆపుతాను. 1930లలో ఎంఐటీ శాస్త్రవేత్త రాబ్లీ ఇవాన్స్ బతికున్న డయల్ కార్మికుల శరీరంలో రేడియాన్ని కొలిచారు. ఆ కొలతల ఆధారంగా 1941లో అమెరికా ప్రమాణాల సంస్థ, మనిషి శరీరంలో ఉండదగిన రేడియం పరిమితి గ్రాములో కోటవ వంతు అని నిర్ణయించింది. అణుబాంబు ప్రాజెక్టులో ప్లుటోనియంతో పనిచేసిన వేలమంది భద్రతకు కూడా ఆ అంకే మూలం. పరీక్షలకు శరీరం ఇచ్చిన ఆ స్త్రీలలో చాలామందికి కోర్టు నుంచి ఒక్క డాలరు కూడా రాలేదు.

రేమండ్ బెర్రీ కేసు కాగితాలు ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఉత్తరాలు, సాక్ష్యాలు, వైద్య నివేదికలు. ఇక్కడి విద్యార్థుల్లో పరిశోధన వ్యాసానికి విషయం వెతుక్కుంటున్నవారు ఎవరైనా ఉంటే ఆ కాగితాలతో మొదలుపెట్టమని నా సలహా. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.